తాడు రెండో కొస

శుక్రవారం సాయంత్రం ఏడున్నర. బహ్రెయిన్‌లోని ఓ లేబర్ క్యాంపు మెస్ హాలు. బల్లలన్నీ గోడవారకు జరిపేశారు. నేల మీద కొందరు, బల్లల మీద కొందరు, చేతులు కడుక్కునే తొట్టి గట్టు మీద ఇంకొందరు... మొత్తం 60 మంది దాకా ఉన్నారు. మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఊరికి పంపే అట్టపెట్టె, 12 మీటర్ల నూలు తాడు. అంతే, స్టేజీ అంటే.

నీలం కవరాల్ వేసుకున్న మనిషి తాడు ఒక కొసను నడుముకు కట్టుకున్నాడు. రెండో కొస తీసుకెళ్లి ముందు వరసలో కూర్చున్న కుర్రాడి చేతిలో పెట్టాడు.

"గట్టిగ పట్టుకో తమ్మీ. నేను లోపలికి పోతున్న."

కుర్రాడు చుట్టూ చూసి నవ్వాడు. హాలంతా నవ్వింది. తర్వాత 35 నిమిషాల్లో ఆ నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. తాడు మాత్రం అతను వదల్లేదు.

ఈ ఏడాది జనవరిలో ముహర్రఖ్ సముద్రతీరంలో 3 వారాలు కూర్చుని మేం తయారుచేసుకున్న ఏకపాత్ర నాటిక ఇది. రాసేటప్పుడు కాదు, ఆడేటప్పుడు కాదు, అసలు కష్టం వేరేచోట వచ్చింది. అది చెప్పాలనే ఈ కథనం.

సెలవు ఇంటికా, నాటకానికా?

మేం ముగ్గురం. క్యాంపుల్లో అందరినీ ఊరి పేరుతోనే పిలుస్తారు కదా, మేమూ అలాగే చెబుతాం. జగిత్యాల అన్న ఏసీ మెకానిక్. నాటికలో కనిపించేది ఆయన ఒక్కడే. కోనసీమ తమ్ముడు స్టోర్‌కీపర్, రాత పని అతనిది. రాజంపేట తమ్ముడు ఎలక్ట్రీషియన్, లైట్లు, శబ్దం అతను చూస్తాడు. ముగ్గురికీ చిన్నప్పుడు బడి వార్షికోత్సవాల్లో వేషాలు కట్టిన పిచ్చి ఉంది. అన్న ఎనిమిదో తరగతిలో దుర్యోధనుడి ఏకపాత్ర వేసి స్టీలు గ్లాసు గెలుచుకున్నాడు. ఆ గ్లాసు ఇప్పటికీ ఇంట్లో ఉందట.

ముహర్రఖ్‌లో సముద్రం ఒడ్డున ఓ పాత ఇల్లు ఉంది. చిత్రకారులకు, రచయితలకు, నటులకు కొన్ని వారాలు అక్కడ గది ఇస్తారు. అద్దె ఉండదు. పని చేసుకోవాలి, చివరి రోజున చేసింది చూపించాలి. దీన్నే ఆర్టిస్ట్ రెసిడెన్సీ అంటారు. ఇలాంటివి పెద్ద చదువులు చదివినవాళ్లకే అనుకునేవాళ్లం. కోనసీమ తమ్ముడు పట్టుబట్టి ఫారం నింపి పంపాడు. 'వృత్తి' అన్న చోట ఏసీ మెకానిక్ అనే రాశాడు. నెల తర్వాత గది ఇస్తున్నామని జవాబు వచ్చింది.

గది వచ్చింది సరే, రోజులు ఎక్కడివి? ఇద్దరం డ్యూటీ ముగించుకుని సాయంత్రాలు రాగలం. ఆడే మనిషి మాత్రం పగలంతా అక్కడే ఉండాలి. అన్నకు రెండేళ్లకు కలిపి 2 నెలల సెలవు ఉంది. అందులో 3 వారాలు కోసి నాటకానికి పెట్టాడు. ఆ మాట ఇంటికి ఫోన్ చేసి చెప్పిన రాత్రి మేం పక్కనే ఉన్నాం.

"సెలవు దొరికితే ఇంటికి రావాలె గని, సముద్రం కాడ నాటకమాడుతవా? పిల్ల నీ మొకం మర్శిపోతున్నది" అంది వదిన. ఫోను పెట్టేసింది. తర్వాత 4 రోజులు ఎత్తలేదు.

ఆ 4 రోజులూ అన్న ఒక్క పంక్తి కూడా నేర్చుకోలేకపోయాడు. సముద్రం చూస్తూ కూర్చునేవాడు.

ఏడుపు నాటకం

మా మొదటి రాతప్రతి 2 గంటలది. ఏజెంటు మోసం, ఎండ, రాని జీతం, క్యాంపులో నల్లులు, అప్పు, మళ్లీ అప్పు. ఏదీ వదల్లేదు. అన్నీ నిజాలే. చదువుతుంటే మాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. బ్రహ్మాండంగా ఉందనుకున్నాం.

మొదటి వారం చివర, ఆ ఇంట్లోనే ఉంటున్న ఓ చిత్రకారిణికి, ఇంటి కాపలా చూసే ముసలాయనకు ఆడి చూపించాం. ఆయన బహ్రెయినీ, డెబ్బై దాటిన మనిషి. మనవాళ్లతో ఏళ్ల తరబడి మసలి క్యాంపు హిందీ బాగా మాట్లాడతాడు. తెలుగు రాదు. ఓపిగ్గా చివరిదాకా కూర్చుని ఒకటే అడిగాడు.

"ఇతను ఎవరితో మాట్లాడుతున్నాడు?"

మా దగ్గర జవాబు లేదు. అన్న 2 గంటలు నేల చూపులు చూస్తూ తన బాధ తనకే చెప్పుకుంటున్నాడు. మన పల్లెల్లో కథ చెప్పేవాడు ముందు "ఊ కొట్టండిరా" అంటాడు. ఊ కొట్టేవాడు లేకపోతే కథ నడవదు. ఆ చిన్న సంగతి మరిచిపోయి మేం 60 పేజీలు నింపాం.

అదే రాత్రి 40 పేజీలు తీసేశాం. కోనసీమ తమ్ముడికి అన్నం సయించలేదు.

ముత్యాల ఊరు చెప్పిన పాఠం

ముహర్రఖ్ అంటే మనకు విమానాశ్రయం ఉన్న ఊరు. దిగగానే వ్యాను ఎక్కి క్యాంపుకు పోతాం, మళ్లీ ఊరెళ్లే రోజునే ఇక్కడికి వస్తాం. కానీ చమురుకు ముందు ఈ ఊరు బతికింది ముత్యాల మీద. నిజాం నగల్లో మెరిసిన బస్రా ముత్యాలు ఈ గల్ఫ్ నీళ్లలోంచి వచ్చినవే. ఆ కాలపు ఇళ్లను, వర్తకుల హవేలీలను, పడవలు బయల్దేరిన బూ మాహిర్ తీరాన్ని కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కాపలా తాత వాళ్ల తాత ఆ పడవల్లో పనిచేశాడు. మునిగేవాడు కాదు, తాడు పట్టేవాడు. మునిగేవాణ్ని 'గైస్' అనేవారట, తాడు పట్టేవాణ్ని 'సైబ్'. గైస్ ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి ఆనించుకుని కిందికి పోతాడు. ఊపిరి బిగబట్టి నిమిషం, మహా అయితే ఒకటిన్నర నిమిషం. చేతికందిన ఆల్చిప్పలు బుట్టలో వేసుకుని తాడు కదుపుతాడు. పైనున్న సైబ్ వెంటనే లాగాలి. రోజంతా ఇదే. వేసవిలో 4 నెలలు పడవ మీదే కాపురం.

పడవను నడిపే పెద్ద 'నాఖుదా'. సీజన్‌కు ముందే ఇంటి ఖర్చులకు అడ్వాన్సు ఇచ్చేవారు. సీజన్ చివర లెక్క చూస్తే చాలామందికి అప్పే మిగిలేది. మరుసటి ఏడాది ఆ అప్పుతోనే మళ్లీ పడవెక్కాలి. మనిషి పోతే అప్పు కొడుకు మీద పడేది. 1920ల్లో సంస్కరణలు వచ్చేదాకా ఈ లెక్కలకు అడ్డూ అదుపూ లేదు. ఆ తర్వాత జపాన్ నుంచి పెంపకపు ముత్యాలు వచ్చాయి, 1929లో ప్రపంచమంతా మాంద్యం వచ్చింది, ముత్యాల బేరం పడిపోయింది. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడింది. పడవలు ఒడ్డెక్కాయి.

తాత ఇదంతా చెబుతుంటే జగిత్యాల అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా వైపు తిరిగి, "గిది మన ముచ్చటే గదనే" అన్నాడు. లక్షన్నర అప్పు చేసి ఏజెంటుకు కట్టి వచ్చిన మనిషి ఆయన. అది తీరడానికి 3 ఏళ్లు పట్టింది.

పడవ మీద పాటగాడు కూడా ఉండేవాడు, 'నహ్హామ్' అంటారు. తెరచాప ఎత్తాలన్నా, తెడ్లు వేయాలన్నా అతని గొంతు మీదే పని సాగేది. ఆ పాటలే 'ఫిజిరీ'. 2021లో యునెస్కో గుర్తింపు పొందాయి. ముహర్రఖ్‌లో ఇప్పటికీ 'దార్' అనే ఇళ్లలో మగవాళ్లు చుట్టూ కూర్చుని పాడతారు. చిన్న డోళ్లు, వేలి తాళాలు, మన ఘటంలా మోగే మట్టి కూజా, చప్పట్లు. నడుమ పాటగాడు ఒక గొంతు ఎత్తితే చుట్టూ ఉన్నవాళ్లంతా అందుకుంటారు. వింటుంటే రాజంపేట తమ్ముడు, "అన్నా, మన ఒగ్గు కతలో ఎనక వంత పాడేదీ ఇట్లనే గదా?" అన్నాడు. అన్న నవ్వి, "కడపోనికి ఒగ్గు కత ఎట్ల ఎర్క?" అన్నాడు. ముగ్గురం ఒకే గదిలో 6 ఏళ్లుగా ఉంటున్నాం మరి.

మర్నాడు ఊళ్లో పాత బజారుకు పోయి తాడు కొన్నాం. ముందు నైలాన్ తాడు తెచ్చాం. అరగంట లాగితే అరచేతులు బొబ్బలెక్కాయి. మార్చి నూలు తాడు తీసుకున్నాం.

ఒక్కడే పదిమంది

ఒక్క మనిషి కథంతా నడపడం మనకు కొత్త కాదు. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) కాళ్లకు గజ్జెలు కట్టి హరికథకు నిలబడితే రాజు, రాణి, భటుడు, చెలికత్తె అందరూ ఆయనే. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు భుజం మీది గుడ్డను నెత్తిన వేసుకుంటే ఆడమనిషి, నడుముకు చుడితే కాపరి. దానికి దుస్తులు మార్చుకునే గది అక్కర్లేదు.

మేం ఆ దారే పట్టాం. నాటికలో 5 పాత్రలు. కవరాల్ మారదు. అమ్మతో మాట్లాడేటప్పుడు కుర్చీలో కూర్చుని కుడిచెవి దగ్గర ఫోను, చూపు కిందికి. సూపర్‌వైజర్ అయితే లేచి నిలబడి, గడ్డం పైకి. ఏజెంటుకు ఒక చెయ్యి బెల్టు మీద, నోటినిండా నవ్వు. కూతురికి కుర్చీ వెనక గొంతుకూర్చుంటాడు. తండ్రికి మాటల్లేవు, భుజం మీద తువ్వాలు, ఒక దగ్గు. అంతే. నేల మీద టేపుతో గుర్తులు పెట్టి, ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు ఎన్ని అడుగులో లెక్కపెట్టుకుని వారం రోజులు అదే పని.

గాలి పెద్ద తంటా పెట్టింది. జనవరిలో సముద్రం మీంచి చలిగాలి కొడుతుంది. అరిస్తే రెండో రోజుకే గొంతు పోయింది. అప్పుడు అన్నకు ఊళ్లో ఒగ్గు కథలు విన్న గుర్తు పనికొచ్చింది. మాట మొత్తం అరవకుండా చివరి అక్షరాన్ని సాగదీస్తే గాలిలోనూ వినపడుతుంది. తాతను 30 అడుగుల దూరంలో నిలబెట్టి సాధన చేశాం. వినపడితే చెయ్యెత్తాలి. భాష రాని మనిషి కాబట్టి ఆయన శబ్దం ఒక్కటే వినేవాడు, మాకు కావాల్సిందీ అదే.

ఇంకో తంటా విమానాలు. రిహార్సలు నడుస్తుంటే నెత్తిమీంచి పోతూనే ఉంటాయి. మొదట్లో ఆగి, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. ఒకరోజు అన్న ఆగకుండా తలెత్తి విమానం కనుమరుగయ్యేదాకా చూసి, "గిది మనది గాదు" అని మళ్లీ పనిలో పడ్డట్టు చేశాడు. ఆ మాట నాటికలో ఉండిపోయింది. క్యాంపులో విమానం రాకపోయినా రాజంపేట తమ్ముడు ఫోన్‌లో రికార్డు చేసిన శబ్దం వేస్తాడు. ప్రతి చోటా జనం నవ్వేది అక్కడే. నవ్వి, తర్వాత కాసేపు మాట్లాడరు.

"నాకెర్కే కొడుకా"

నాటికకు గుండెకాయ లాంటి ఘట్టం ఒకటుంది. అది అన్న సొంత కథ.

2020 మార్చి చివర మన దేశానికి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. వందే భారత్ విమానాలు మొదలైంది మే 7న. ఆ మధ్యలో, ఏప్రిల్‌లో అన్న తండ్రి చనిపోయాడు. పోయే దారి లేదు. తమ్ముడు కొరివి పెట్టాడు. పాలోళ్ల పిల్లాడు ఒకడు ఫోను పట్టుకుని వీడియో చూపించాడు. పాడె లేచింది, చెరువు కట్ట దాటింది, కట్టెలు పేర్చారు. అంతవరకే. ఫోను ఆగిపోయింది. మళ్లీ కలవలేదు.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి "సూసినవా కొడుకా?" అంటే, "సూసిన అవ్వా, మొత్తం సూసిన" అన్నాడు. అప్పటి నుంచీ అదే మాట మీద ఉన్నాడు.

ఆ ఫోను ఆగిపోయిన నిమిషం నాటికలో ఉండాలా, వద్దా? కోనసీమ తమ్ముడు ఉండాలన్నాడు. "అది తీసేస్తే మిగిలేది సూపర్‌వైజర్ జోకులే అన్నా" అని వాదించాడు. రాజంపేట తమ్ముడు ససేమిరా అన్నాడు. "నాటకం సూసినోడెవడో ఫోన్లో తీసి ఊరికి పంపిస్తాడు. ఆయమ్మ ఎవరో చెప్తే ఇనాల్నా? అది తప్పన్నా" అన్నాడు. రెండు రోజులు మాలో మాకు మాటల్లేవు. నాటకం బాగుండటం కోసం ఒక తల్లిని మోసపోయినదాన్ని చేయొచ్చా? ఈ ప్రశ్నకు నాటక పుస్తకాల్లో జవాబు దొరకదు.

చివరికి అన్నే తేల్చాడు. ఆడితే అమ్మకు చెప్పే ఆడాలి, చెప్పలేకపోతే ఆ ఘట్టం ఉండకూడదు. సాయంత్రం నీళ్ల అంచున బండల మీద కూర్చుని ఫోన్ చేశాడు. మమ్మల్ని పొమ్మనలేదు.

"అవ్వా, బాపును కాలవెట్టంగ నేను సూడలే. ఫోను బందయింది. నీకు అబద్ధం చెప్పిన."

అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు. లైన్ పోయిందేమోనని అన్న ఫోను చెవి నుంచి తీసి చూసుకున్నాడు. అప్పుడు ఆమె గొంతు వచ్చింది.

"నాకెర్కే కొడుకా. పోరడు ఫోను తెచ్చి సూపిచ్చిండు, నల్లగైంది అని. నువ్వు సూసిన అన్నవని నేను ఊకున్న. నీకు గట్లనన్న నిమ్మలముంటదని."

ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఇన్నేళ్లు అదే అబద్ధం మోశారు. నాటకం సంగతి చెబితే ఆమె ఒక్కటే షరతు పెట్టింది. "బాపు పేరు తియ్యకు. ముచ్చట చెప్పు." నాటికలో తండ్రికి పేరు లేదు. మాటలు లేకపోవడం కూడా ఆమె మాట తర్వాత మేం తీసుకున్న నిర్ణయమే.

రాయని ఘట్టం

రెసిడెన్సీ చివరి రోజు ఆ ఇంటి వరండాలో ఓ 20 మంది చూశారు. మెచ్చుకున్నారు. తాత మాత్రం తాడు ముడి తప్పుగా కట్టావని మందలించి సరిగ్గా కట్టడం నేర్పాడు. మాకు అసలు పరీక్ష క్యాంపు.

రాసుకున్న ప్రకారం ఫోను ఆగిపోయే చోట అన్న మోకాళ్ల మీద కూలబడాలి. కాసేపు నిశ్శబ్దం. తర్వాత తనే లేచి, తాడు చుట్టుకుంటూ డ్యూటీకి బయల్దేరాలి. ఆ శుక్రవారం అన్న కూలబడ్డాడు. హాలు నిశ్శబ్దమైంది. ఇంతలో తాడు బిగిసింది. ముందు వరసలోని కుర్రాడు లాగుతున్నాడు. గుంజడం కాదు, చేద బావిలోంచి బొక్కెన తోడినట్టు చెయ్యి తర్వాత చెయ్యి. పక్కనున్న ఇద్దరూ చెయ్యేశారు. అన్నకు ఏం చేయాలో తోచలేదు. లేచి, తాడు ఎటు లాగితే అటు నడిచి వాళ్ల మధ్య కూర్చుండిపోయాడు. చివరి మాటలు అక్కడి నుంచే చెప్పాడు. లైటు అక్కడికి తిప్పడానికి రాజంపేట తమ్ముడికి అర నిమిషం పట్టింది.

తర్వాత మాట్లాడితే తెలిసింది. ఆ కుర్రాడు పెద్దపల్లి వైపు వాడు, వచ్చి 8 నెలలైంది. "మీరు లేస్తలేరు గదన్నా" అన్నాడు. అంతకంటే ఏం చెప్పలేదు.

రెండో క్యాంపులో ఎవరూ లాగలేదు. అన్న ఎదురుచూశాడు. తర్వాత తనే లేచి తాడు చుట్టుకున్నాడు. అదీ నిజమే కదా. చాలాసార్లు మనం లేచేది అలాగే. ఏం జరగాలో చూసేవాళ్లకే వదిలేశాం.

మీరూ చేయొచ్చు

చాలామంది 'మా క్యాంపులోనూ వేద్దామన్నా' అని అడుగుతున్నారు. మా అనుభవం నుంచి నాలుగు మాటలు.

ముందు కంపెనీ, క్యాంపు బాస్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. బయట హాల్లో వేయాలంటే స్థానిక అధికారుల అనుమతీ కావాలి. చందాలు వసూలు చేయొద్దు, గల్ఫ్ దేశాల్లో అనుమతి లేకుండా డబ్బు పోగుచేయడం నేరం. కంపెనీ పేర్లు, మనుషుల పేర్లు నాటకంలో పెట్టొద్దు. పక్కవాడి కథ వాడుకుంటే ముందు అతన్ని అడగండి. అతని ఇంటివాళ్లకు తెలియనిది అందులో ఉంటే వాళ్లకూ ముందే తెలియాలి.

అరగంట దాటొద్దు. పొద్దున్నే నాలుగింటికి లేచేవాళ్లు చూస్తారు. మైకు అక్కర్లేదు, కూలర్లు ఆపితే చాలు. మీ ఊరి యాసలోనే మాట్లాడండి, కోనసీమ వాళ్లకు జగిత్యాల మాట అర్థం కాదేమోనన్న భయం మాకూ ఉండేది. ఒక్క మాట కూడా విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు. మొదట చూపించేది మాత్రం మెచ్చుకోని మనిషికి చూపించండి. మాకు కాపలా తాత దొరికాడు.

వదిన ఇప్పుడు ఫోన్ ఎత్తుతోంది. వీడియో చివరిదాకా చూసిందట. "అంత మంచిగనే ఉన్నది గని, నేను సబ్బుల కోసం కొట్లాడుతున్నట్టు ఎందుకు పెట్టినవ్?" అని అడిగింది. ఆ పంక్తి తీసేశాం.

మిగిలిన సెలవుతో అన్న ఉగాదికి ఊరెళ్తున్నాడు. ఊళ్లోనూ ఆడి చూపించమని అమ్మ అడిగింది. మొన్న రాత్రి గదిలో ముగ్గురం కలిసి పెట్టె సర్దాం. దుప్పటి, పాలపొడి, ఖర్జూరం, కూతురికి బూట్లు. అన్నిటికంటే అడుగున తాడు చుట్ట పెట్టాడు. తూకం వేస్తే అది కిలోన్నర ఉంది. ఆ మేరకు సబ్బులు తగ్గించాడు.